మామత్ కడుపులో ఇరవై నిమిషాలు

రియాద్ అంచున సులైలో, టైర్ల గోదాముల వెనక, ఒక ఫైబర్ వర్క్‌షాపు ఉండేది. పార్కులకు జారుడుబల్లలు, హోటళ్ళ ముందుకు ఉత్తుత్తి ఖర్జూర చెట్లు, మేడల మీదికి నీళ్ళ ట్యాంకులు చేసేవాళ్ళు. 2013 ఎండాకాలంలో ఆ షాపుకు ఎప్పుడూ రాని పని ఒకటి వచ్చింది. అమెరికా ఖండాలకు మొదట మనుషులు ఎలా చేరారో, అక్కడ రాజ్యాలు ఎలా పుట్టాయో చూపించే ప్రదర్శనకు బొమ్మలు కావాలి. మంచునేల మీద నడిచిపోయే ఒక కుటుంబం, దాని పక్కన ఒళ్ళంతా బొచ్చున్న పాతకాలపు ఏనుగు మామత్, చివర మెట్ల గోపురాలతో ఒక పట్నం.

వాటిని చేసిన మనిషి పేరు భూషణం. నిర్మల్ వాడు. తాతల నాటి నుంచీ బొమ్మల పనే. పొనికి చెక్క చెక్కి, చింతగింజల లప్పం పూసి, జింకల్నీ చిలకల్నీ చేసిన ఇల్లు అది. అడవిలో పొనికి పలచబడి, కొనేవాళ్ళు తగ్గాక, 2009లో అతను విమానం ఎక్కాడు. పెయింటర్ పని అని ఏజెంటు చెప్పాడు. దిగాక ఇఖామా అనే నివాస కార్డు మీద గొర్రెల కాపరి అని రాసి ఉంది. హాయిల్ వైపు ఎడారిలో ఎనిమిది నెలలు గొర్రెలతో ఉండి, ఒకరోజు నీళ్ళ లారీ ఎక్కి పారిపోయి వచ్చేశాడు. వీసా ఇచ్చిన కఫీల్ అతని పేరు పారిపోయినవాళ్ళ జాబితాలో, అంటే హురూబ్‌లో, రాయించాడు. అప్పట్నుంచీ పోలీసు బండి కనిపిస్తే చాలు, అతని కాళ్ళు గోడవైపు తిరిగేవి.

అతన్ని వర్క్‌షాపుకు తెచ్చింది అక్కడి సూపర్‌వైజరు మహబూబ్ సుభాని. కడప జిల్లా ప్రొద్దుటూరు మనిషి. ఒక శుక్రవారం లేబర్ క్యాంపులో భూషణం ప్యాకింగ్ చెక్క ముక్కతో గొర్రెపిల్లను చెక్కుతుంటే చూసి, నిలబడిపోయాడు.

"అన్నా, ఈ చేతులు పెట్టుకోని గోడలకు సున్నం ఏస్తాండావా నువ్వు?"

"ఏం జేయాలె భాయ్. కాయిదం లేనోనికి ఎవలు పనిస్తరు?"

"నేనిప్పిస్తా రా."

షాపులో బొమ్మల నమూనాలు గీసేది సామీ అనే ఈజిప్టు ఇంజనీరు. మొదటిరోజే అతను సుద్దముక్కతో నేల మీద రెండు ఖండాలు గీశాడు. హిందీ, అరబ్బీ కలిపి చెబుతుంటే సుభాని తెలుగులోకి మార్చాడు. పదిహేను వేల ఏళ్ళ కిందట, ఇంకా ముందే కావచ్చు, సముద్రం నీళ్ళు మంచుగడ్డలై ఉండిపోయి, ఆసియాకూ అమెరికాకూ మధ్య నేల తేలింది. జంతువుల వెంట వేటగాళ్ళు దాన్ని దాటారు. కొందరు ఒడ్డు వెంబడి పడవల్లో వచ్చారనేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ మనవలూ మునిమనవలూ దక్షిణానికి దిగారు. గడ్డిలాంటి ఒక మొక్కను వేల ఏళ్ళు సాగుచేసి మొక్కజొన్నను తయారుచేశారు. ఆ పంట మీదే పట్నాలు లేచాయి. బండి లాగే ఎద్దు లేదు, ఇనుప పనిముట్టు లేదు. అయినా కొండంత గోపురాలు కట్టారు.

"మక్కలా?" అన్నాడు భూషణం. "మా చేన్లల్ల పండే మక్కలేనా?"

"అవే అంట. మిరపకాయ గూడా ఆడిదేనంట అన్నా."

"మరి అంతకుముందు మనోళ్ళు కూరల ఏమేసుకున్నరే?"

సుభానికి నవ్వు ఆగలేదు. కానీ భూషణం నేల మీది గీతల వైపే చూస్తున్నాడు. కొత్త దేశానికి పోతున్నామని వాళ్ళకు తెలుసా అని అడగమన్నాడు. తెలియదట, జంతువు పోయినవైపు పోయారట అని సామీ జవాబు. భూషణం తల ఊపి, లేచి మట్టి కలపడం మొదలుపెట్టాడు.

ఐదు నెలలు ఆ షెడ్డులోనే ఉన్నాడు. నడిచే కుటుంబానికి ఆరుగురిని చేశాడు. మొహాలు సగం బొచ్చు ముసుగుల్లో ఉండాలని ప్రదర్శనవాళ్ళు షరతు పెట్టారు. కనిపించే ఆ సగంలోనే చలి తెలియాలని అతను ముక్కుల్నీ పెదవుల్నీ పదేపదే చెరిపి చేశాడు. ముసలామెను కొడుకు వీపు మీద మోస్తున్నట్టు పెట్టింది అతని సొంత ఆలోచన. సామీ మొదట వద్దన్నాడు. చూశాక ఉండనిచ్చాడు.

ఈలోగా బయట నితాఖత్ ముదిరింది. కంపెనీలో ఎంతమంది సౌదీలున్నారో లెక్కచూసి ప్రభుత్వం రంగులు వేస్తోంది. పచ్చ రంగు కంపెనీలు కొత్తవాళ్ళను తమ పేరు మీదికి మార్చుకోవచ్చు. ఎరుపు కంపెనీలకు వీల్లేదు. ఈ వర్క్‌షాపుది ఎరుపు. కాగితాలు లేనివాళ్ళు నవంబరు మూడులోగా కొత్త కంపెనీకి మారాలి, లేదంటే దేశం వదిలిపోవాలి. అలా పోయేవాళ్ళకు మాఫీ: జైలు లేదు, జరిమానా లేదు. ఇద్దరు సౌదీలను పెట్టుకుని పచ్చలోకి వస్తాననీ, భూషణం పేరు మార్పిస్తాననీ షాపు యజమాని జూన్‌లో చెప్పాడు. ఆగస్టులోనూ అదే చెప్పాడు. అక్టోబరులో ఫోన్ ఎత్తడం మానేశాడు.

ఇంటి నుంచి భార్య పోశమ్మ రోజూ ఫోన్ చేసేది.

"మాఫీల అందరు అస్తుండ్రు. మన గల్లీల నలుగురు అచ్చిండ్రు. నువ్వెందుకు రావు?"

"ఇంక జరంతనే ఉన్నదే. ఏనుగు నిలవడ్డది. మనుషులకు మొకాలు కావాలె."

"బొమ్మలకు మొకాలు పెడుతవు గని, మా మొకం సూడవా?"

నాలుగేళ్ళలో మొదటిసారి తన చేతులు తనవిగా అనిపిస్తున్నాయని ఆమెకు ఎలా చెప్పాలో అతనికి తెలియలేదు. మూడో తారీఖు దాటిపోయింది.

నాలుగో తారీఖు నుంచి తనిఖీలు. సులైలో సగం షట్టర్లు దిగాయి. చాయ్ దుకాణం దగ్గర మనుషులు లేరు. భూషణం షెడ్డు దాటి బయటికి పోవడం మానేశాడు. తిండి సుభానియే తెచ్చేవాడు.

ఆ నెల రెండో సోమవారం పొద్దున పది గంటలకు భూషణం మామత్ కడుపులో ఉన్నాడు. రెండు సగాలుగా పోసిన బొమ్మను కలిపి నిలబెట్టారు. అతుకు లోపలి నుంచి కూడా గాజునార పరిచి, జిగురులాంటి రెసిన్ పూసి, గట్టిచేయాలి. రెసిన్ ఆవిరి తలకెక్కుతుంది. అందుకని పొట్ట కింది తలుపు తెరిచి, ఒక ఫ్యాను గొట్టంతో లోపలికి గాలి పంపుతూ పనిచేస్తున్నారు. ఆఖరి మూర మిగిలి ఉండగా బయట బండ్ల తలుపులు దబదబా పడ్డాయి.

సుభాని తల లోపలికి పెట్టాడు. మొహంలో రక్తం లేదు.

"అన్నా, వచ్చినారు. కదలబాకు. ఐదు నిమిషాలు."

గొట్టం బయటికి జారిపోయింది. తలుపు పడింది. ఒక్కొక్కటిగా నాలుగు బోల్టులు బిగుసుకుంటున్న చప్పుడు. ఆ తర్వాత చీకటి.

భూషణం మాస్కు గట్టిగా అదుముకుని మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అప్పుడే పూసిన రెసిన్ వేడెక్కుతోంది. బయట అరబ్బీలో ప్రశ్నలు, కార్డులు చూపించమని కేక, వరసలో నిలబడుతున్న చెప్పుల చప్పుడు. షాపులో పదకొండుమంది. ఒక్కొక్క పేరే చదివి రాసుకుంటున్నారు. నాలుగో పేరు దగ్గర ఎవరికో చాయ్ పొయ్యమన్నారు. అతనికి గొంతు మండింది. దగ్గు రాబోయింది, పళ్ళ మధ్య చొక్కా కుక్కుకున్నాడు. ఎక్కడైనా సందు దొరుకుతుందేమోనని చేత్తో తడిమాడు. సందు లేకుండా అతికించింది తనే.

ఎవరో వచ్చి బొమ్మ పక్క మీద వేలితో కొట్టారు. లోపల అది పిడుగు పడ్డట్టు మోగింది.

"ఇవి ఎవరు చేశారు?" అని ఒక అధికారి అడుగుతున్నాడు. ఆ మాత్రం అరబ్బీ భూషణానికి వచ్చు.

"చైనా నుంచి తెప్పించాం," అన్నాడు సామీ.

"మనుషుల్ని కూడానా?"

"అన్నీ చైనావే. మేం రంగులు మాత్రం వేస్తున్నాం."

తనను కాపాడటానికే ఆ అబద్ధమని భూషణానికి తెలుసు. ఆ ముసలామె గవదను ఎనిమిదిసార్లు చెరిపి చేశాడు. అయినా అరిచి చెప్పాలనిపించింది. నోరు తెరిస్తే ఆవిరి లోపలికి పోయింది. కళ్ళ ముందు పచ్చని చుక్కలు తిరిగాయి. గోడకు ఆనించిన చెయ్యి ఇంకా ఆరని రెసిన్‌లో అంటుకుపోయింది. లాక్కునే బలం కూడా లేకపోయింది.

బయట సుభాని గోడ గడియారం చూస్తున్నాడు. ఈ సంగతి తర్వాత అతనే చెప్పాడు. ఐదు నిమిషాలన్నది పదిహేను అయింది, పదిహేడు అయింది. లోపలి నుంచి చిన్న చప్పుడైనా వస్తే బాగుండునని, వస్తే దొరికిపోతాడని, రెండూ ఒక్కసారే అనుకున్నాడట. పోయినేడు పక్క షాపులో ట్యాంకు లోపల రంగువేస్తూ పడిపోయిన మనిషి గుర్తొచ్చాడు. అతన్ని ఆసుపత్రికి మోసింది సుభానియే. బతకలేదు.

బల్ల మీది పానా తీసుకున్నాడు.

"సుభానీ, రుకో!" అన్నాడు సామీ, పెదవులు కదలకుండా.

ఆగలేదు. అధికారుల ముందు నుంచే నడిచి, బొమ్మ కింద చతికిలబడి బోల్టులు విప్పాడు. నాలుగోది రెండుసార్లు జారింది. తలుపు తీయగానే భూషణం భుజం మొదట బయటికి వచ్చింది, తర్వాత తల.

ఇద్దరు పోలీసులు పరుగెత్తుకొచ్చి అతన్ని గాలిలోకి లాగారు. పెద్దాయన తన నీళ్ళ సీసాయే అతని మొహం మీద కుమ్మరించాడు. భూషణం కక్కుకుని, దగ్గి, కళ్ళు తెరిచాడు. జేబులోని పాత కార్డు అధికారి చేతిలో ఉంది. అతను ఆ కార్డు చదివాడు, మామత్‌ను చూశాడు, మళ్ళీ కార్డు చదివాడు.

"గొర్రెల కాపరివా?"

భూషణం అవునన్నట్టు తలాడించాడు.

"ఇవన్నీ చేసింది?"

"నేనే," అన్నాడు భూషణం, వచ్చీరాని అరబ్బీలో.

సామీ తలవంచుకున్నాడు. లోపల మనిషిని పెట్టి తలుపు బిగించింది ఎవరని అధికారి అడిగాడు. సుభాని చేతిలో పానా ఇంకా అలాగే ఉంది.

"నేనే సార్," అన్నాడు.

ఇద్దరినీ ఒకే బండిలో ఎక్కించారు. దారిలో భూషణం మొహం తిప్పుకుని అన్నాడు: "ఎందుకు తీసినవ్ భాయ్? ఇంక జరసేపైతే పోయెటోళ్ళు గద."



కాగితాలు సరిగా ఉన్నందుకు సుభానిని మూడో రోజు వదిలారు. కానీ ఉద్యోగం పోయింది. భూషణాన్ని తర్హీల్‌లో, అంటే దేశం నుంచి పంపేవాళ్ళను ఉంచే చోట, పంతొమ్మిది రోజులు ఉంచారు. ఒక హాల్లో రెండు వందలమంది. అక్కడి డాక్టరు ఛాతీ పరీక్షించి, ఇంకో పది నిమిషాలు ఉంటే లేచేవాడివి కాదని చెప్పాడు. అప్పటికీ భూషణం కోపం చల్లారలేదు. పన్నెండో రోజు సుభాని బట్టల సంచీ తీసుకుని కిటికీ దగ్గరికి వచ్చాడు.

"చైనాయి అన్నడు. ఇన్నవా?" అదే భూషణం మొదటి మాట.

"ఇన్యా. బొమ్మలు ఎవురివైతే నాకేందన్నా. నువ్వు సచ్చిపోయినావనుకున్యా నేను."

కిటికీ జాలీ మీద పెట్టిన సుభాని వేళ్ళను భూషణం ఇవతలి నుంచి పట్టుకున్నాడు. కాపలావాడు వచ్చి సమయం అయిపోయిందనే దాకా అలాగే నిలబడ్డారు.

ఎంబసీ రాసిచ్చిన తెల్ల కాగితం పాస్‌పోర్టుతో భూషణం డిసెంబరులో ఇల్లు చేరాడు. వేలిముద్రలు తీసుకున్నారు కాబట్టి మళ్ళీ ఆ దేశం పోవడానికి లేదు. పోశమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు అతను దగ్గుతుంటే లేచి మిరియాల కషాయం పెట్టింది. మొదట దుకాణాల బోర్డులు రాశాడు. తర్వాత బడులకు బొమ్మలు చేసే పని దొరికింది.

సుభాని మాత్రం అక్కడే ఏసీల కంపెనీలో కుదురుకున్నాడు. 2017లో కుటుంబాన్ని దగ్గర పెట్టుకున్నవాళ్ళ మీద తలకింత అని లెవీ వచ్చింది. అది ఏటేటా పెరుగుతుందని తెలిశాక భార్య కరీమున్నీసానూ పిల్లల్నీ ప్రొద్దుటూరు పంపించేశాడు. వాళ్ళు వెళ్ళిన వారం భూషణానికి ఫోన్ చేశాడు.

"ఇల్లంతా బోసిగా ఉందన్నా. నేనూ వచ్చేద్దునా అనిపిస్తాంది. ఏమంటావు?"

"నేనేమంటనే. నీ పిల్లలు, నీ బతుకు. నువ్వే సోంచాయించుకో." ఫోన్ పెట్టేయబోయి, మళ్ళీ అందుకున్నాడు. "ఎప్పుడు బయలెల్లుతవో చెప్పు. కాచిగూడల మీ దిక్కు రైలెక్కుతవు గద, టేషన్‌కు నేనొస్త."