రంపపు చేప ముందు కొవ్వొత్తి

ఉదయం ఆరుంపావుకు పాల ప్యాకెట్ల సంచి గేటుకు తగిలించిన చప్పుడు అయింది. పాలు పొయ్యి మీద పెట్టి హాలు ఊడవడం మొదలుపెట్టాను. గోడకున్న అద్దాల పెట్టె కింద, గచ్చు మీద, లేత గోధుమ రంగు పొడి కొంచెం రాలి ఉంది. గోడ సున్నం అనుకుని ఊడ్చేశాను. మర్నాడు అదే చోట మళ్ళీ ఉంది.

ఆ పెట్టెలో రంపపు చేప ముక్కు ఉండేది. చూడటానికి సొరలా ఉండే ఆ చేపకు ముక్కు పలకలా ముందుకు పెరుగుతుంది. రెండు అంచులా పళ్ళుంటాయి. మా ఇంట్లోది నిలబెడితే నా ఛాతీ దాకా వచ్చేది.

నా భార్య గుంటూరులో ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేది. ఆమె పుట్టింటి ఊరు సింగరాయకొండకు తూర్పున, సముద్రం ఒడ్డున. అక్కడ ఒకప్పుడు దిష్టి తగలకుండా గుమ్మాల మీద ఈ రంపాలు కట్టేవారు. పాకలు పోయి స్లాబు ఇళ్ళు లేస్తున్నప్పుడు వాటిని పెంటకుప్పల మీద పారేస్తుంటే ఆమె అడిగి తెచ్చుకునేది. చలిదేశాల సముద్రంలో నార్వాల్ అనే తిమింగలం ఉంటుందని, దాని మూతిలోంచి ఒకే దంతం మెలికలు తిరిగి బల్లెంలా బయటికి వస్తుందని, రాజులు వాటిని కొని గోడలకు పెట్టుకునేవారని పుస్తకంలో బొమ్మ చూపించి నాకు చెప్పింది. "అంత దూరం పోనక్కర్లేదు, మనవే అయిపోతున్నాయి" అంది. రంపపు చేపను పట్టకూడదని చట్టం వచ్చినప్పుడు వాళ్ళ ఊళ్ళో ఎవరూ ఏమీ మానుకోవలసి రాలేదు. అప్పటికే అవి వలలో పడటం లేదు. ఇలాంటివి ఇంట్లో ఉంచుకోవడం సరికాదని మిగతావన్నీ కాలేజీ ల్యాబుకు ఇచ్చేసింది. ఇదొక్కటి ఇవ్వలేదు. ఇది ఆమెది కాదు.

ఇది వాళ్ళ పిన్నిది. పిన్ని భర్త పట్టిన చేప. తర్వాత ఒక తుఫానులో ఆయన పడవ తిరిగి రాలేదు. శవం దొరకలేదు. నవంబరు మొదట్లో మా చర్చిల్లో సమాధుల పండుగ చేస్తారు. సమాధులకు సున్నం కొట్టి, బంతిపూలు పెట్టి, సాయంత్రం కొవ్వొత్తులు వెలిగించి తమవాళ్ళ పక్కన కూర్చుంటారు. పిన్నికి కూర్చోవడానికి చోటు లేదు. అందుకని గుమ్మం మీది రంపాన్ని దింపి, తడిగుడ్డతో తుడిచి, చాప మీద పెట్టి దాని ముందు కొవ్వొత్తి వెలిగించేది. చేపకి సమాధుల పండగేంటే అని ఊళ్ళో నవ్వారట. ఆమె మానలేదు.

ఇంటి కప్పు ఎగిరిపోయిన ఏడాది దాన్ని గోనెపట్టాలో చుట్టి మా ఇంటికి తెచ్చింది. "నా దగ్గరుంటే తడిసి కుళ్ళిపోద్దే. నీ దగ్గరుంచు. పండక్కి నేనే వస్తా" అంది. "నేనుండగా దానికేమీ కాదు పిన్నీ" అంది నా భార్య.

ఆ మాట నిలబడింది. ఆమె ఉన్నంతకాలం దానికి ఏమీ కాలేదు.

పురుగు పట్టకుండా పెట్టెలో ఎండుమిరపకాయలు వేయడం ఆమె ఆలోచనే. పల్చటి గుడ్డలో మూట కట్టి రంపం వెనక పెట్టింది. ఏటా కొత్త పంట రాగానే మార్చేది. మా వైపు బియ్యం డబ్బాలో, కందిపప్పులో ఎండుమిరపకాయలు వేయని ఇల్లు ఉండదు. ఎండుమిరపకాయలకు కూడా పురుగు పడుతుందనీ మా అందరికీ తెలుసు. ఊరి చుట్టూ ఉన్న కోల్డ్ స్టోరేజీలు అందుకే. ఈ రెండూ తెలిసినవాళ్ళమే, రెంటినీ ఎప్పుడూ కలిపి ఆలోచించలేదు. ఆమెకు జబ్బు చేశాక మేము ఆసుపత్రికీ ఇంటికీ మధ్యే తిరిగాం. ఆ పెట్టె ఎవరూ తెరవలేదు. ఆమె వానాకాలంలో పోయింది.

పొడి రెండోసారి కనిపించాక పెట్టె తీసి మూట విప్పాను. కాయలు పైకి కాయల్లాగే ఉన్నాయి. పట్టుకుంటే తొక్కలు చిట్లి గింజలు, దుమ్ము రాలాయి. అందులో ఆవగింజంత పురుగులు తిరుగుతున్నాయి. రంపం వెనకవైపు నిండా సన్నటి చిల్లులు. ఎముక కాదు అది, మెత్తటి మృదులాస్థి. ముందువైపు మాత్రం బాగానే కనిపిస్తోంది.

పండుగ దగ్గరికొచ్చింది. పిన్నికి ఫోనులో చెప్పాలనుకున్నాను గానీ ఆమెకు సరిగా వినపడదు. ఒంగోల్లో బస్సు మారి ఆమే వచ్చేసింది. సంచిలో బంతిపూలు, రెండు కొవ్వొత్తులు. ఈసారి ఒకటి నా భార్యకు.

కాళ్ళు కడుక్కుని నేరుగా పెట్టె దగ్గరికి వెళ్ళింది.

"అత్తయ్యగారూ, దాన్ని తియ్యకండి."

"ఏం? తాళం పోయిందా?"

"పురుగు పట్టిందండి."

"ఎండిపోయి ఇన్నేళ్ళయిన దానికి పురుగేంటి అల్లుడుగారూ? నా కూతురు మిరపకాయలు కూడా వేసిందిగా."

"ఆ మిరపకాయల్లోంచే వచ్చిందండి."

ఆమె నా వైపు చూసి గట్టిగా అంది. "మీ గుంటూరోళ్ళకి కూరకీ అదే, దిష్టికీ అదే, చచ్చినోడికీ అదే!"

తర్వాత నేను వద్దంటున్నా రెండు చేతులతో ఎత్తింది. అది మధ్యకి రస్కులా విరిగింది. పళ్ళు ఊడి గచ్చు మీద టపటపా పడ్డాయి. ఒక ముక్క ఆమె చేతిలో ఉండిపోయింది. అలాగే కింద కూర్చుంది.

"మళ్ళీ పోయాడు" అంది.

నేను ముక్కలు ఏరి పేపరు మీద పెట్టాను. పక్కింటి టీవీ వినిపిస్తోంది. కాసేపటికి ఆమె అడిగింది.

"ఇప్పుడు కొవ్వొత్తి ఎక్కడ పెట్టమంటారు?"

"మీ అమ్మాయి పక్కన పాతిపెడదామండి. అక్కడే పెట్టుకోవచ్చు."

"అది దాని చోటు. ఈయన చోటు కాదు."

"పోనీ మీ ఊరు తీసుకెళ్ళి సముద్రంలో కలుపుతారా?"

"దానికి ఇచ్చింది చాలు" అంది.

సాయంత్రం ఇద్దరం సమాధుల దగ్గరికి వెళ్ళాం. నా భార్య సమాధికి ఇంకా రాయి వేయించలేదు. మట్టి మీదే సున్నం చల్లారు. ఆమె పూలు పెట్టి ఒక కొవ్వొత్తి వెలిగించి, చాలాసేపు కూర్చుంది. రెండోది సంచిలోనే ఉంది. మర్నాడు పొద్దున బస్సెక్కేటప్పుడు కూడా ఉంది.

పురుగు ఇల్లంతా పాకుతుందని ముక్కల్నీ మిరపకాయల మూటనీ పెరట్లో వేసి కాల్చాను. మిరప ఘాటుకి చుట్టుపక్కల అందరూ దగ్గారు. పక్కింటావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని గోడ మీంచి చూసింది.

"అదేంటండీ, మీరు కూడా దిష్టి తీస్తారా?"

"లేదండి. చెత్త కాలుస్తున్నాను."

"చంపేస్తున్నారు కదండీ!" అని లోపలికి వెళ్ళి కిటికీలు వేసుకుంది.

మరుసటి సమాధుల పండుగకి రమ్మని పిన్నికి ఫోను చేశాను. రెండుసార్లు గట్టిగా చెప్పాక ఆమెకు అర్థమైంది. "నా కూతురికి మీరున్నారుగా. నేనెందుకు?" అంది. మీ ఊళ్ళో ఎక్కడైనా వెలిగిస్తున్నారా అని అడిగాను. లేదంది.

అద్దాల పెట్టె ఖాళీగా గోడకే ఉంది. నేను బియ్యంలో ఎండుమిరపకాయలు వేయడం మానేశాను. ఆయన కోసం ఇప్పుడు ఎక్కడా కొవ్వొత్తి వెలిగించడం లేదు.