మామయ్యనే తప్పన్న కంప్యూటర్

2006లో పెళ్లై సూర్యాపేట వచ్చాను. రిటైరైన లెక్కల సారు మా మామయ్య. అప్పటికి ఇరవయ్యేళ్ల కిందట కొన్న హోమ్ కంప్యూటర్ అటక మీద దాచుకున్నారు. టీవీకి కలిపి, క్యాసెట్‌లోంచి ప్రోగ్రాములు ఎక్కించుకునే రకం. ఎలక్ట్రానిక్స్ చదివిన నేను రెండు నెలలు కష్టపడి పాడైన భాగాలు మార్చాను.

ఓ ఆదివారం అందరి ముందూ స్విచ్ వేశాను. టప్పుమని పేలి గుప్పున పొగ! "ఇల్లు అంటుకుంటది, బంజెయ్యి బిడ్డా!" అని అత్తయ్య అరిచింది. చటుక్కున ప్లగ్గు పీకేశాను. చూస్తే పేలింది ఒక్క కెపాసిటరే. అది మార్చి, సాయంత్రం మళ్లీ స్విచ్ వేశాను.

తెర మీద అక్షరాలు! మామయ్య క్యాసెట్ పెడితే, ఒకప్పుడు ఆయన రాసిన ఎక్కాల ప్రోగ్రాం వచ్చింది. పదిహేడు తొమ్మిదులెంతని అడిగింది. సంబరంలో ఆయన తప్పు కొట్టారు. వెంటనే తప్పని చూపించింది.

"సూడు బిడ్డా, నేను రాసిందే నన్ను తప్పంటున్నది!" అంటూ మామయ్య చప్పట్లు కొట్టారు.

తర్వాత ఎన్ని యంత్రాలు బాగుచేసినా నాకు అంత ఆనందం మళ్లీ కలగలేదు.