అమ్మ కాపలా కాసిన పాయ

మొన్న నేను పాఠాలు చెప్పే కాలేజీకి అటవీశాఖ తరఫున ఒక కుర్ర ఆఫీసరుగారు వచ్చి, తీరం వెంట మడ అడవులు నిలవాలంటే ముందు పల్లె జనానికి అడవి విలువ నేర్పాలని, సగం ఇంగ్లీషులో సగం తెలుగులో గంటసేపు ఉపన్యసించారు. నోరు మూసుకుని వినే ఓర్పు నాకు పుట్టుకతోనే లేదు కనుక లేచి, దివిసీమలో నా చిన్నప్పుడు ఆ పల్లె జనమే మా అమ్మకి నేర్పారు, మీరిప్పుడు వాళ్ళకి నేర్పేదేమిటండీ అని అడిగాను. ఆయన నవ్వి కాగితం తిప్పేశారు, ప్రిన్సిపాలుగారు గడియారం చూసుకున్నారు. అక్కడ చెప్పనివ్వలేదు కాబట్టి, పొయ్యి ఊది కళ్ళు ఎర్రచేసుకున్న నా తరం వాళ్ళకి ఇక్కడ చెప్పుకుంటాను.

మా నాన్న బడిపంతులు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఆయన్ని బందరు నుంచి దివిసీమ చివర సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక బెస్తల ఊరికి వేశారు. ఊరిని ఆనుకుని, పోటుకి నిండి ఆటుకి తీసే ఉప్పునీటి పాయలు మూడుండేవి, వాటి గట్లన్నీ మడ చెట్లే. ఊరివాళ్ళు ఒక పాయ వెంటే వంటచెరకు కొట్టుకుంటూ, తక్కిన రెండింటినీ చెట్టు లేచేదాకా మూసి ఉంచేవారు. చెట్ల నీడన రొయ్యపిల్ల పెరగాలి, గాలివానకి చెట్టు అడ్డం నిలవాలి, అదీ వాళ్ళ లెక్క. పాయ మూశామనడానికి గుర్తు, దాని మొగలో ఒక గెడ పాతి ఎండు తాటిమట్ట కట్టడం.

ఇదంతా కొత్తగా వచ్చిన పంతులుగారి భార్యకి ఎవరు చెప్తారు? చెప్పినా వినే మనిషి కాదు లెండి, నా నోరు ఎక్కడినుంచి వచ్చిందనుకున్నారు! ముసురు రోజుల్లో కట్టెలు అయిపోతే, అమ్మ కొంగు బిగించి కత్తి పట్టుకుని తనే వెళ్ళి, మూసిన పాయలోంచి ఒక మోపు కొట్టుకొచ్చింది. పట్టపగలు, ఊరంతా చూస్తుండగా, నెత్తిన మోపుతో. అంతటితో పోయేది, కానీ గెడకున్న తాటిమట్ట ఎవరో మర్చిపోయారనుకుని, పొయ్యి రాజేసుకోవడానికి బాగుంటుందని, దాన్ని కూడా మోపు మీద కట్టుకొచ్చింది. ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు, పిల్లలం వెనకాల ఊరేగింపులా నడిచాం.

సాయంత్రం ఊరిపెద్ద మా వసారాకి వచ్చాడు, మేమంతా తాత అనేవాళ్ళం ఆయన్ని. నాన్న సిగ్గుతో కుంచించుకుపోయి జరిమానా ఎంతో చెప్పమన్నారు.

"డబ్బు పుచ్చుకుంటే రేపు డబ్బున్నోడు రోజూ కొడతాడు మాస్టారూ. మా కట్టుబాటు వేరండి. కొట్టినోళ్ళే ఆ పాయ తెరిచేదాకా కాపలా కాయాలి."

"ఒక్క మోపుకి ఇన్నాళ్ళ కాపలా? ఇదెక్కడి న్యాయమండీ?" అంది అమ్మ లోపలి నుంచి.

"మోపయితే మీరు ఒక్కపూటలో కాల్చేశారు అమ్మగారూ. చెట్టు ఒక్కపూటలో లేవదు గదా. పైగా మట్ట కూడా కాల్చారు, అది ఇంకా అడగలేదు మేము."

అమ్మ ఆ రాత్రంతా నాన్నతో వాదించింది, తెల్లవారి కొత్త తాటిమట్ట తెప్పించి తనే కట్టింది. బడీ ఇల్లూ ఆ పాయ మొగలోనే ఉండడంతో, వసారాలో బియ్యం ఏరుతూనే ఒక కన్ను గట్టు మీద వేసి ఉంచేది. అంత గడుసు కాపలా ఆ ఊరు అంతకుముందు ఎరగదు. చివరికి తాత గేదె చిగుళ్ళు మేస్తే దాన్ని మా గుంజకి కట్టేసి, ఆయన వచ్చి అడిగేదాకా వదల్లేదు. శిక్ష వేసినవాళ్ళకే శిక్ష పడిందని ఊరంతా నవ్వుకున్నారు.

మరుసటి వేసవిలో పెద్దమావయ్య వచ్చాడు. వాళ్ళ నాన్న పోయాక అమ్మని పెంచి పెళ్ళి చేసినవాడు, అమ్మకి పుట్టిల్లంటే ఆయనే. యుద్ధం రోజులు, బొగ్గు లేదు, తుమ్మకట్టె పుట్టడం లేదు. గుడివాడ దగ్గర ఆయన బట్టీలో పచ్చి ఇటుక పేర్చి ఉంది, కాల్చేలోగా వాన పడితే అంతా మళ్ళీ మట్టే. కాపలా చెల్లెలిదేనని విని, బళ్ళు కట్టించి, బల్లకట్టు మీద కృష్ణ దాటించుకుని నిశ్చింతగా వచ్చాడు పాపం. అమ్మ పీతల కూరతో అన్నం పెట్టి, పక్కన కూర్చుని విసురుతూ, మూసిన పాయలోంచి పుల్ల కూడా ఇవ్వనంది. మా ఇంటి వంతు కట్టె మొత్తం పట్టుకెళ్ళమంది. బట్టీకి అదేం మూలకి?

"నువ్వు నాకు చెల్లెలివా, ఈ బురదకి జవానువా?" అన్నాడు చెయ్యి కడుక్కోకుండానే.

"నీ చెల్లెల్నే అన్నయ్యా. నీకిస్తే రేపు ఇంకొకళ్ళని వద్దనే నోరు నాకుండదు."

గుమ్మంలో నిలబడ్డ తాతే ఉండబట్టలేక, అన్నగారు కదమ్మా, ఒక్క బండికి చూడమన్నాడు. మీ కట్టుబాటు మీరే తెంపుతారా అని అమ్మ ఆయన మీద పడింది. ఖాళీ బళ్ళు వెళ్ళిపోయాయి. ఆ వారంలోనే అకాలవాన కురిసింది. బట్టీ మళ్ళీ లేవలేదు.

తరువాత పాయ తెరిచారు, అమ్మ కాపలా తీరింది, ఊరు ఆమెకి దణ్ణం పెట్టింది. మావయ్య మాత్రం మా గడప తొక్కలేదు. ఆయన కూతురి పెళ్ళికి శుభలేఖ నాన్న పేర వచ్చింది, ఆడపడుచుకి పెట్టే చీర రాలేదు. అయినా అమ్మ వెళ్ళింది. పంక్తిలో అందరి విస్తళ్ళ దగ్గరా ఆగి అడిగి వడ్డించిన మావయ్య, అమ్మ విస్తరి దాటిపోవడం నేను చూశాను. పోయేదాకా అమ్మ, వేసవిలో మబ్బు పడితే చాలు, చేతిలో పని ఆపి గుడివాడ వైపు చూసేది.

ఇప్పుడా పాయలకి అటవీశాఖవాళ్ళు ముళ్ళతీగ చుట్టారు, జీతం పుచ్చుకునే గార్డు సైకిలు మీద వచ్చిపోతాడు. అతను అటు వెళ్ళగానే ఊరి ఆడవాళ్ళు ఇటు కొట్టుకుంటారట, తప్పనడానికి నాకే నోరు రావడం లేదు. అతనూ వద్దంటాడు, గట్టిగానే అంటాడు. అయితే అలా వద్దన్నందుకు అతనికి ఏ విస్తరి దగ్గరా అన్నం తప్పిపోదు. పుట్టింటి దారి మూసుకుని మరీ కాయడానికి, ఇది మాది అని మొండికెయ్యడానికి, ఆ గట్ల మీద ఇప్పుడు ఎవరికి ఏం మిగిల్చామని?