గొర్రె పోయినోడి సంగతేంది?

మా ఏడో తరగతప్పుడు... ఆళ్లగడ్డకూ రుద్రవరానికీ మధ్యలో ఉండే మా ఊరి బడిలో రత్నమ్మ టీచర్ సోషల్ పాఠం చెప్తాంది. చైనా దేశం పాఠం. పుస్తకంలో కన్ఫ్యూషియస్ గురించి నాలుగే నాలుగు లైన్లు. ఆ పేరు మా నోటికి తిరగక కంపూసు తాత అంటాంటిమి. టీచర్ కూడా నవ్వి అట్లనే అనేది.

నాయన నాయన మాదిరి, బిడ్డ బిడ్డ మాదిరి, రాజు రాజు మాదిరి ఉంటే దేశం బాగుపడతాదని ఆ తాత చెప్పినాడంట. దానికి అందరం తలకాయలూపినాం. ఆ తర్వాత పుస్తకంలో లేని గొర్రె కథ చెప్పింది...

ఒక దొర కంపూసు తాత కాడికొచ్చి గొప్పలు పోయినాడంట. మా సీమలో మనుషులు ఎంత నికార్సంటే, నాయన గొర్రెను దొంగిలిస్తే కొడుకే వచ్చి సాక్ష్యం చెప్తాడు అని. తాత ఒప్పుకోలేదంట. మా కాడ నాయన తప్పు కొడుకు దాస్తాడు, కొడుకు తప్పు నాయన దాస్తాడు, నికార్సు దాంట్లోనే ఉంది అన్నాడంట.

నాకు ఒళ్లు మండింది. నేను మొదటి నుంచీ అంతే, కడుపులో ఒక మాట పెట్టుకొని కుదురుగా కూర్చోలేను. లేచి అడిగేసినా... "అట్లయితే గొర్రె పోయినోడి సంగతేంది టీచర్?"

క్లాసంతా నవ్వినారు. టీచర్ నవ్వలా. నా భుజం తట్టి, "ఈ పాప నిజం చెప్పే రకం" అనింది. ఆ పొద్దు ఇంటికి నడిచినానో ఎగిరినానో నాకే తెలీదు.

పది దినాలు కూడా కాలేదు...

ఆ ఏడు కాలవలో నీళ్లు తక్కువ. మడులకు నీళ్లు పంచే నీరుగంటి ఒక్కొక్కరికీ వంతు పెట్టినాడు. రత్నమ్మ టీచర్‌ది కూడా మా ఊరే, మా మడి కిందనే ఆయమ్మకు ఎకరా మడి ఉండేది. వరి పొట్ట మీదుంది, ఒక్క తడి తప్పితే గింజ పట్టదు. ఆ పొద్దు వంతు టీచర్‌ది. ఊర్లో ఎవరిదో పెండ్లి. మిట్టమధ్యాహ్నం జనమంతా భోజనాల కాడ ఉంటే, మా నాయన పార భుజాన వేసుకొని నన్ను పిల్చినాడు.

"గట్టు మీద నిలబడు పాపా. ఎవరన్నా వస్తాంటే దగ్గు."

నిలబడినా. ఆయన టీచర్ మడికి నీళ్లు పారే మడవ మూసి మా మడవ తెరిచినాడు. దగ్గాల్సిన పని రాలా. మా మడి తడిసినంక మళ్లీ ఎప్పటి మాదిరే కట్టినాడు గానీ, అప్పటికి కాలవలో నీళ్లు సన్నగిల్లినాయి.

సాయంత్రం నీరుగంటి మడవ కాడ తడి మట్టి చూసి నీళ్లు తిప్పిన సంగతి పట్టుకున్నాడు. నలుగురు పెద్దమనుషులు గట్టు కాడికొచ్చినారు. టీచర్ కూడా వచ్చింది.

"నాకేం తెల్సప్పా" అన్నాడు నాయన.

"మీ పాప ఈడ నిలబడింటే దూరం నుంచి చూసినా. పాపనే అడుగుదాం" అన్నాడు నీరుగంటి.

అందరూ నా పక్క తిరిగినారు. నేను టీచర్ కల్లా చూళ్లా. నాయన కల్లా చూసినా. ఆయన పారను వీపు వెనక్కి దాచుకుంటాండాడు. మా నాయన భయపడేది అంతకుముందు నేను ఎప్పుడూ చూడలేదు.

"మా నాయన తిప్పలా. నేను సీతాఫలాల కోసం వచ్చింటి."

ఎవరో ఏదో అనబోతే టీచరే అడ్డం వచ్చింది. "ఆ పాప అబద్ధం చెప్పదప్పా. ఇడిసిపెట్టండి."

నాలుగు తిట్టినా బాగుండు...

కోతలప్పుడు టీచర్ మడి సగం తాలే. మా ఇంట్లో గాదె నిండింది. ఆ అన్నం ఏడాదంతా తిన్నా. నాయన ఆ సంగతి ఎత్తలా, నేనూ ఎత్తలా.

ఇప్పుడు నేనూ సోషల్ టీచర్‌నే, ఆళ్లగడ్డలో. కంపూసు తాత పాఠం వస్తే పిల్లలతో చదివించి పేజీ తిప్పేస్తా. ఎవరన్నా లేచి నా ప్రశ్న నన్నే అడుగుతారేమోనని భయం.

పోయిన వారం నంద్యాల బస్టాండులో రత్నమ్మ టీచర్ కనపడింది. అక్కడే కొడుకు దగ్గర ఉంటాందంట. తలంతా తెల్లబడింది. పక్కనున్న మనవరాలికి నన్ను చూపించి, "ఈ పాప అబద్ధం చెప్పదు" అనింది. నలభై దాటినా నేను ఇంకా పాపనే. నవ్వి బస్సెక్కినా. అప్పటి నుంచి కుదురు లేదు... అన్నం సయించదు, సుద్దముక్క చేతిలోనే పెట్టుకొని బల్లంతా ఎతుకుతాండా.

నిన్న నాయనను అడిగినా. "టీచర్‌కు చెప్పేదా నాయనా?"

"నువ్వెందుకు చెప్పాల? తిప్పింది నేను గదా. నన్ను తీస్కపో" అన్నాడు.

పొద్దున నంద్యాలకు, టీచర్ ఇంటికి పోయినాం. వాకిట్లో నిలబడే చెప్పేసినాడు. డెబ్బై దాటిన మనిషి, చెప్పులు బయట ఇడిచి, చేతులు కట్టుకొని... "ఆ పొద్దు నీ మడవ మూసింది నేనే టీచరమ్మా. నా బిడ్డ నా కోసం అబద్ధం చెప్పింది."

ఆయమ్మకు ఎప్పుడో తెలిసే ఉంటాదిలే అని ఇన్నేండ్లూ నాకు నేను చెప్పుకుంటాంటి. తెలీదు. మొగం చూస్తే అర్థమయింది. నన్ను నిజంగానే నమ్మింది.

కాసేపటికి నాయనకు కుర్చీ వేసింది, మజ్జిగ తెచ్చిచ్చింది. "ఎప్పటిదో లేప్పా, తాగు" అనింది. తర్వాత నా పక్క తిరిగింది.

"గొర్రె పోయినోడి సంగతేంది అని అంతమందిలో నువ్వొక్కదానివే అడిగినావ్. మళ్లీ ఎప్పుడూ అడగలేదేం పాపా?"

నేను నాయన తాగిన మజ్జిగ గ్లాసు తీసి లోపల పెట్టొచ్చినా.

నాయన ఇంటికొచ్చి కడుపునిండా తిని పండుకున్నాడు. నేను మాత్రం వంటింట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి వంటింట్లోకి తిరుగుతాండా. మా ఊర్లో ఇప్పుడు ఎవరి బోరు వాళ్లది... వంతుల్లేవు, నీరుగంటి లేడు, గట్టు కాడ పిల్లను నిలబెట్టి నిజం చెప్పమనేవాళ్లూ లేరు.

ఇంట్లోవాళ్ల కోసం చిన్నప్పుడు మీరూ ఏదో ఒకటి దాచింటారు. రాయండి, చదువుతా... కానీ రాసేటప్పుడు ఆ పోయిన గొర్రె ఎవరిదో కూడా రాయండి.