మేడం కారు ముందు విరిగిన చెయ్యి

2009 ఎన్నికలు అయిన కొద్ది రోజులకు నన్ను కామారెడ్డి స్టేషన్ నుంచి తీసి, కొత్తగా గెలిచిన ఎమ్మెల్యేకు కాపలాగా వేశారు. ఆమె ఆడమనిషి కాబట్టి ఆడ కానిస్టేబులే కావాలన్నారు. అయినా అందరూ నన్ను గన్‌మన్ అనే పిలిచేవారు. మాది ఎల్లారెడ్డి పక్కన చిన్న పల్లె. నడుముకు పిస్టల్‌తో మొదటిసారి ఇంటికి పోతే, మా అమ్మ దాన్ని చూడలేక పైన తువ్వాల కప్పమంది.

మేడం సర్పంచిగా మొదలుపెట్టి అంతదూరం వచ్చిన మనిషి. చివరి పొలాలకు నీళ్లు అందడం లేదని ఒకసారి ఇంజనీరును ఎండలో కాలువ గట్టు పొడుగునా నడిపించారని ఊళ్లలో చెప్పుకునేవారు. అసెంబ్లీలో కాగితం చూడకుండా మాట్లాడేవారు. కొన్ని నెలలకే పార్టీ ఆమెను సభలో ఉపనాయకురాలిని చేసింది. ఆ రోజు హైదరాబాద్ నుంచి వస్తూ కారులో అన్నారు, "సర్పంచి ఉన్నప్పుడు నోరు నాదే ఉండె. ఇగ సగం పార్టీది."

ఆ చలికాలంలోనే తెలంగాణ ఇస్తామన్న మాట వెనక్కి పోయింది. ఎమ్మెల్యేలంతా రాజీనామా చేయాలని జనం రోడ్డెక్కారు. మేడం చేయలేదు. సభలో గట్టిగా అడగడానికి ఒక్కరన్నా ఉండాలనేవారు. పార్టీ పెద్దలు ఆగమంటున్నారన్న సంగతి మాత్రం బయట చెప్పేవారు కాదు. ముందు దిష్టిబొమ్మలు కాల్చారు. తర్వాత ఇంటి గేటుకు చెప్పుల దండ వేలాడదీశారు. ఆ తర్వాత రాళ్లు మొదలయ్యాయి.

ఒకరోజు పొద్దున కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోతున్నాం. లింగంపేట దాటాక రోడ్డు మీద టైర్లు మండుతున్నాయి. డ్రైవర్ కారు వెనక్కి తిప్పేలోపే వెనక ట్రాక్టర్ అడ్డం పెట్టారు. మొదటి రాయికి ముందు అద్దం పగిలింది. రెండోది ఆ అద్దంలోంచే వచ్చి డ్రైవర్ నోటికి తగిలింది. అతను రెండు చేతులతో నోరు మూసుకుని స్టీరింగ్ మీదికి వాలిపోయాడు. వేళ్ల సందుల్లోంచి నెత్తురు చొక్కా మీదికి కారుతోంది.

నేను లాఠీ పట్టుకుని దిగాను. మేడం కూడా దిగారు.

"లోపల కూసోండి మేడం!" అని అరిచాను.

అప్పటికే ఎవరో ఆమె జుట్టు పట్టి గుంజారు. మేడం మోకాళ్ల మీద పడ్డారు. "రాయి! రాజీనామా ఈడ్నే రాయి!" అని చుట్టూ కేకలు. ఒకతను కట్టెతో ఆమె వీపు మీద కొట్టాడు.

"మీరు కొడితే రాయను," అన్నారు మేడం. మళ్లీ కొట్టాడు. ఇంకొకరి రాయి తగిలి ఆమె నుదురు పగిలింది.

నేను పిస్టల్ తీసి కట్టె పట్టుకున్నవాడి ఛాతీకి గురిపెట్టాను. ఉత్తగా బెదిరించడానికి కాదు. కాల్చేదాన్నే. మేడం కింద నుంచే నా కాలు పట్టుకున్నారు. "లోపల పెట్టు. పెట్టుమంటున్న!"

పెట్టాను. అతను వెనక్కి తగ్గాడు. అంతలో నలభై ఏళ్ల ఆడమనిషి ఒకతె గుంపులోంచి వచ్చి, మేడం తల మీదికి రాయి ఎత్తింది. లాఠీతో ఆమె మణికట్టు మీద కొట్టాను. రాయి జారిపోయింది. నేను అక్కడ ఆగాల్సింది. ఆగలేదు. అదే చేతి మీద ఇంకో రెండు దెబ్బలు వేశాను. మూడో దెబ్బకు ఎముక విరిగింది. ఆ విరగడం లాఠీ పట్టుకున్న నా అరచేతికి తెలిసింది.

ఆమె ఏడవలేదు. వేలాడుతున్న చేతిని చూసుకుని, నన్ను చూసి, "నువ్వు మా దిక్కు పిల్లవే గదనే," అంది.

జీపుల్లో పోలీసులు వచ్చి అందరినీ చెదరగొట్టారు. ఎల్లారెడ్డి ఆసుపత్రిలో మేడం తలకు కుట్లు వేస్తుంటే, చెయ్యి విరిగినామె బయట బల్ల మీద కూర్చుని నర్సుతో అంటోంది, "బీడీలు చేసి బతుకుత. కుడి చెయ్యే పాయె. ఎట్ల చుట్టాలె?"

సీఐ నన్ను పక్కకు పిలిచాడు. "ఆమెను నువ్వు కొట్టినవా?"

"లేదు సార్. ఉరుకుతుంటే పడ్డది."

అదే రాసి సంతకం పెట్టాను.

మేడం ఎవరి మీదా కేసు వద్దన్నారు. పది రోజుల తర్వాత, తలకు కట్టు ఉండగానే, రాజీనామా రాసి ఇచ్చి పార్టీ వదిలేశారు. కొట్టినవాళ్లే వచ్చి దండలు వేశారు. వచ్చిన ఉప ఎన్నికలో కొత్త పార్టీ నుంచి నిలబడ్డారు. ఇల్లిల్లూ తిరుగుతూ ఒక మధ్యాహ్నం ఆ బీడీలామె గడపకే వెళ్లాం. మణికట్టు వంకరగా అతుక్కుంది. ఎడమ చేత్తో బీడీ ఆకు కత్తిరిస్తోంది. నన్ను చూసి కత్తెర ఆపింది.

"ఓటేస్త మేడం. గీ ఖాకీ పిల్లను మాత్రం నా ఇంట్లకు రానియ్యకు."

"అక్కా, పడ్డవని రాసిన. నేనే కొట్టిన," అన్నాను. ఆమె ఒళ్లోని చాట తీసి నా ముఖం మీద కొట్టింది. అంచు తగిలి కనుబొమ్మ చీలింది. ఇంకోసారి కొట్టింది. నేను చెయ్యి అడ్డం పెట్టలేదు.

కారులో మేడం తన కొంగుతో నా కంటి మీద నెత్తురు ఒత్తారు. తర్వాత మెల్లగా అన్నారు, "ఇప్పుడు బయట పెట్టకు. అవతలోళ్లు మైకుల చెప్తరు. ఎలక్షన్ అయిపోనీ, నేనే చూస్త."

గెలిచారు. ఆ పార్టీకి సభలో నాయకురాలయ్యారు. సభ నడిచినన్ని రోజులూ మైకులు విరిచారు, కాగితాలు చించారు, ఒకసారి తోపులాటలో చేతికి గాయంతో బయటికి వచ్చారు. నేను రెండుసార్లు గుర్తు చేశాను. మొదటిసారి "చూస్త" అన్నారు. రెండోసారి ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని కిటికీ వైపు తిరిగారు.

చివరకు నేనే పోయి సీఐకి ఉన్నది ఉన్నట్టు రాసి ఇచ్చాను. ఆయన చింపేశాడు. మళ్లీ రాసి పై అధికారికి ఇచ్చాను. నన్ను సస్పెండ్ చేశారు. బీడీల ఆమెను పిలిచి వాంగ్మూలం తీసుకున్నారు గానీ, చెయ్యి చక్కబడలేదు. మేడం వేరే గన్‌మన్‌ను అడిగి తీసుకున్నారు.

కొన్నాళ్లకు నన్ను మళ్లీ డ్యూటీలోకి తీసుకున్నారు. 2014లో ఓట్ల లెక్కింపు రోజు కామారెడ్డిలో నాకు బందోబస్తు పడింది. మేడం ఓడిపోయారు. గేటు దగ్గర రెండు గుంపులు కుర్చీలు విసురుకున్నాయి. ఆమె చుట్టూ ఉండే మనుషులు ఎటుపోయారో తెలియదు. నేను ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసి, వంచి, కారు దాకా ఈడ్చుకుపోయాను. ఒక కుర్చీ కాలు నా వీపుకు తగిలింది.

తలుపు దగ్గర నా ముఖం చూశారు. "నువ్వా?"

"నేనే మేడం."

"ఆమె ఎట్లున్నది?"

"బీడీలు బంద్ చేసింది. కూలికి పోతున్నది."

ఏదో అనబోయారు. కారు అద్దం మీద ఏదో వచ్చి పడింది. నేను తలుపు మూసి, కారు మీద చరిచి, పొమ్మన్నాను.