మా బావ హైబ్రిడ్ కారుకు సీటు కవర్

ఆళ్లగడ్డలో ఇంకెవరికీ లేదని మా బావ మురిసిపోయే పాత జపాన్ హైబ్రిడ్ కారుకు, ఈ రోజు నంద్యాలలో కొత్త బ్యాటరీ వేయించాం. పాతది తీసిన మెకానిక్, వెనక సీటు పక్కనున్న జాలీ చూపించాడు.

“బ్యాటరీకి గాలి పోయేది ఈడనుంచే. దీని మీద రెక్సిన్ కుట్టిచ్చినావేందన్నా?”

“దుమ్ము దూరుతాంది కదప్పా!”

“గాలి గూడా దూరలే. బ్యాటరీ ఉడికి సచ్చింది.”

బావ బుద్ధిగా తలూపాడు. మెకానిక్ ఆ కవర్ కోసి పారేశాడు. తిరుగుదారిలో బావ సీటు కవర్ల అంగడి ముందు కారు ఆపాడు.

“కొత్త బ్యాటరీ ఏపిచ్చినాం. ఈసారి మందం రెక్సిన్ ఎయ్యప్పా, జాలీ కనపడకూడదు.”

నేను బస్సెక్కి ఇంటికొచ్చేశాను. ఇంత జాగ్రత్తపరులు మీ ఇళ్లలోనూ ఉన్నారా, లేక మా అక్క ఒక్కతే అదృష్టవంతురాలా?