గంట కొట్టని మధ్యాహ్నం

నేను అమెరికా చూడలేదు. చూడాలని పెద్దగా అనుకోలేదు కూడా. అయినా ఢిల్లీ చుట్టుపక్కల అమెరికన్ సాహిత్యం మీద, సంస్కృతి మీద ఎక్కడ సదస్సు పెట్టినా నాకు పిలుపు వస్తుంది. నా పాండిత్యం చూసి పిలుస్తారనుకునేరు, కాదు. నా గంట కోసం పిలుస్తారు. పూజగదిలో ఉండేలాంటి చిన్న ఇత్తడి గంట అది. సెషన్‌కి అధ్యక్షురాలిగా కూర్చున్నప్పుడు బల్ల మీద పెట్టుకుంటాను. మాట్లాడేవాళ్లు సమయం దాటారంటే మోగిస్తాను, ఎంతటివాళ్లయినా సరే. ఒకసారి మా ప్రిన్సిపాల్‌కే మోగించాను. అప్పటినుంచి నా వెనకాల 'ఘంటీ వాలీ మేడమ్' అంటారని నాకు తెలుసు. అనుకోనీ. మైకు దొరికితే వదలని జాతి మాది, ఎవరో ఒకరు చెడ్డ పేరు తెచ్చుకోక తప్పదు.

ఇంత విసుక్కుంటానా, ఈ సదస్సులంటే మాత్రం నాకు ప్రాణం. ఫిబ్రవరిలో ఢిల్లీ ఎండ ఒంటికి హాయిగా తగులుతుంటుంది. శాలువాలు, స్వెట్టర్లు వేసుకుని మేమంతా ఏనాడూ కాలుపెట్టని దేశంలోని గోధుమ పొలాల గురించి, పొడవాటి రోడ్ల గురించి, పెట్రోలు బంకుల పక్కన కాఫీ తాగే ఒంటరి మనుషుల గురించి గంభీరంగా వాదించుకుంటాం. అంతకుముందు జ్యోతి ప్రజ్వలన ఉంటుంది. గాలికి వత్తి ఆరిపోవడం, అగ్గిపెట్టె కోసం వెతుక్కోవడం అన్నీ మామూలే. టీ లైనులో నిలబడితే వెనక నుంచి ఎవరో "మీరు తెలుగా అండీ?" అంటారు. విశాఖపట్నం వాళ్లో వరంగల్ వాళ్లో అయి ఉంటారు. ఇక పకోడీలు చల్లారిపోయేదాకా మాటలే మాటలు. సాయంత్రం మెట్రోలో నోయిడాలోని మా ఫ్లాటుకి వెళ్తూ, ఈ రోజు మంచి రోజు అనుకుంటాను.

ఒక్క విషయం దగ్గర మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. సదస్సుల్లో "నాకు తెలీదు" అని ఎవరూ అనరు. అది మా కులాచారం అనుకోండి. పేపరు చదివాక ఎవరైనా ప్రశ్న వేస్తారు. జవాబు తెలియకపోతే "చాలా చక్కటి ప్రశ్న" అని మొదలుపెట్టాలి. "అది నా పేపరు పరిధిలోకి రాదు" అనాలి. లేదా "టీ దగ్గర వివరంగా మాట్లాడుకుందాం" అనాలి. టీ దగ్గర ఆ ఇద్దరూ ఒకరికొకరు కనపడకుండా తిరుగుతారు. మా పిల్లలు పీహెచ్‌డీలో చేరిన ఏడాదికే ఈ విద్య పట్టేస్తారు, ఎవరూ నేర్పక్కర్లేదు.

ఒక ఏడాది సదస్సు మా కాలేజీలోనే పెట్టారు. నా దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి మొదటిసారి పేపరు చదవబోతోంది. తెలుగు పిల్ల. కంటోన్మెంట్ క్వార్టర్స్‌లో ఉంటారు. నాన్న సైన్యంలో సుబేదారు, శ్రీకాకుళం వైపు మనిషి. ఈ పిల్ల ఊరూరూ తిరిగి పెరిగింది. మనం తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెబుతుంది. నేనూ వదలను, తెలుగులోనే మాట్లాడతాను. అలా ఎవరి భాషలో వాళ్లం హాయిగా పోట్లాడుకుంటూ ఉండేవాళ్లం.

సదస్సు దగ్గరపడ్డాక ఒకరోజు కారిడార్‌లో నన్ను ఆపి సంగతి చెప్పింది. వాళ్ల నాన్నకి మధ్యప్రదేశ్‌కి పోస్టింగ్ వచ్చిందట. క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. అమ్మ సామాను సర్దడం కూడా మొదలుపెట్టింది. ఆడపిల్లని ఢిల్లీలో ఒంటరిగా వదలడం ఆయనకి ససేమిరా ఇష్టం లేదు. అక్కడే ఏదో కాలేజీలో చేరమంటున్నాడు. ఈమె ఏడ్చి, అలిగి, అన్నం మానేస్తే చివరికి ఒక మాటకి ఒప్పుకున్నాడట. సదస్సుకి వచ్చి, కూతురు చేసే పనేమిటో కళ్లారా చూస్తాడు. అప్పుడు నిర్ణయం చెబుతాడు. ఆ తర్వాత ఇక ఎవరూ మాట్లాడకూడదు.

ఆమె పేపరు కూడా ఇళ్లు మారే కుటుంబాల మీదే. అమెరికన్ కథల్లో మాటిమాటికీ ఊళ్లు మారేవాళ్లుంటారు కదా, వాళ్లు ఏం మోసుకెళ్తారు, ఏం వదిలేస్తారు అన్నది విషయం. ఆ పిల్ల ఇంట్లో మంచాల కింద, గోడల వారా సైన్యం వాళ్ల నల్ల ఇనప పెట్టెలే. మీద తెల్ల రంగుతో నాన్న పేరు, నంబరు. చిన్నప్పుడు ఆ పెట్టెల మీద కూర్చునే హోంవర్క్ చేసుకుందట. పేపర్లో ఆ సంగతి ఒక్క ముక్క కూడా రాయలేదు. కానీ చదివితే తెలిసిపోతుంది, ఇది ఆ పెట్టెల మీద కూర్చున్న పిల్ల రాసిందని.

సదస్సు రోజున ముఖ్య అతిథి ట్రాఫిక్‌లో ఇరుక్కున్నారు. ప్రతి ముఖ్య అతిథీ ఇరుక్కుంటారు, అది వేరే సంగతి. ప్రారంభం ఆలస్యమైంది, ఆయన ప్రసంగం ఆయన ఆలస్యం కన్నా పొడుగైంది, భోజనాలు వెనక్కి జరిగాయి. దానికి తోడు కింది హాల్లో జరగాల్సిన మా సెషన్‌ని మేడ మీది గదికి మార్చి, కింది హాలు ఇంకో సెషన్‌కి ఇచ్చారు. ఇలాంటి మార్పులు మాకు కొత్త కాదు. ప్రోగ్రాం షీటులో ఉన్నదాన్ని మాలో ఎవరూ నమ్మరు. కనపడినవాళ్లనల్లా అడుక్కుంటూ గది వెతుక్కుంటాం.

సుబేదారు గారు నమ్మారు. కాగితం మీద రెండు గంటలకి కింది హాలు అని ఉంది. రెండు గంటలకి ఆయన ఇస్త్రీ చొక్కాతో, మిలమిలలాడే బూట్లతో కింది హాల్లో మొదటి వరసలో ఉన్నారు. మేమంతా అప్పటికింకా పెరుగన్నం దగ్గరే ఉన్నాం. సమావేశం అన్నాక ఫోను మోగకూడదు కదా, అందుకని గుమ్మం దగ్గరే స్విచాఫ్ చేశారు. తర్వాత ఆ హాల్లో ఏదో సెషన్ మొదలైంది. అమెరికన్ సినిమాల్లో కార్ల గురించి మాట్లాడుతున్నారు. మనిషి మాట్లాడుతుండగా మధ్యలో లేచి వెళ్లడం ఆయన ఎరగరు. తన కూతురి వంతు ఎప్పుడో వస్తుందని నిటారుగా కూర్చుని వింటూ ఉన్నారు. ఇదంతా మాకు తర్వాత తెలిసింది.

మేడ మీద మా అవస్థ చూడాలి. ఆ పిల్ల కాలు కాలిన పిల్లిలా గుమ్మానికీ కిటికీకీ మధ్య తిరుగుతోంది. ఫోను చేస్తే కలవడం లేదు. "పాపా నహీ ఆయే, మేడమ్" అంది నా దగ్గరికి వచ్చి. నాన్న రాలేదంటే ముందే నిర్ణయించేసుకున్నాడని ఆమె భయం. నాకూ అదే అనిపించింది, కానీ పైకి అంటానా? రోడ్డు మీద జామ్ ఉండి ఉంటుంది, కూర్చో అన్నాను. మా సెషన్‌లో వరసలో ముందున్నది ఆమె పేపరే. దాన్ని ఆఖరికి మార్చాను.

తర్వాత జరిగింది చెబితే నన్ను తెలిసినవాళ్లు నమ్మరు. ముందు మాట్లాడినాయన సమయం దాటాడు. నేను గంట ముట్టుకోలేదు. ఆయన నా వైపు భయంగా చూశాడు, నేను తల ఊపాను, ఇంకో రెండు పేజీలు తిప్పాడు. తర్వాత వచ్చినావిడ అయితే తన సిద్ధాంత గ్రంథం మొత్తం చెప్పేసేలా ఉంది. చెప్పనీ తల్లీ అనుకున్నాను. వెనక వరసలో ఇద్దరు గుసగుసలు పోయారు, మేడమ్‌కి ఒంట్లో బాగాలేదేమోనని. నా కళ్లు తలుపు మీద ఉన్నాయి. అది తెరుచుకోలేదు. చివరికి రైలుకి వెళ్లాల్సినవాళ్లు వాచీలు చూసుకోవడం మొదలుపెట్టారు. ఇక ఆపడం నా వల్ల కాలేదు. ఆమెను పిలిచాను.

పాపం, మొదటి పేజీ తలెత్తకుండా గబగబా చదివేసింది. తర్వాత కుదురుకుంది. వాక్యం మీద వాక్యం శుభ్రంగా చదువుకుంటూ వెళ్లింది. లారీలోకి ఎక్కని పియానో గురించి, పాత ఇంటి తాళంచెవి పారెయ్యలేక కొత్త ఊరికి తెచ్చుకున్న తల్లి గురించి చెబుతుంటే వాచీలు చూసుకునేవాళ్లు కూడా తలెత్తారు. నాకు కడుపు నిండిపోయింది. ఇదంతా వినాల్సిన మనిషి లేడే అని ఒకటే బాధ.

చివరి వాక్యం చదివి ఆమె కాగితాలు మడుస్తుండగా తలుపు తెరుచుకుంది. సుబేదారు గారు. కింద సెషన్ మొత్తం అయిపోయాక లేచి నిలబడి, మా అమ్మాయి వంతు రాలేదని అధ్యక్షుడికి విన్నవించుకున్నారట. అప్పుడు పైకి పంపారు. కుర్చీలు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు, వెనక గోడ దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. పేపరు అయిపోయింది. ఆయన విన్నది చప్పట్లు మాత్రమే.

సరే, ప్రశ్నలైనా వింటారులే అనుకున్నాను. ప్రశ్న వేసింది ఎవరనుకున్నారు, జైపూర్ నుంచి వచ్చిన పెద్దాయన. ఆయన ప్రశ్నకి మా ప్రొఫెసర్లే నీళ్లు నములుతారు. లేచి, ఇంగ్లీషులో మెల్లగా అడిగారు.

"నీ కథల్లో అందరూ పెట్టెలు సర్దుకుని వెళ్లిపోతున్నారు. నేను రాను, ఇక్కడే ఉంటాను అన్న కూతురు ఒక్కతి కూడా లేదా? లేకపోతే ఎందుకు లేదు?"

ఆయనకి ఈ పిల్ల ఇంటి సంగతి తెలీదు. గది వెనకాల ఎవరు నిలబడ్డారో కూడా తెలీదు. ఆమె మాత్రం వాళ్ల నాన్నని చూసింది. మడిచిన కాగితాలు మళ్లీ విప్పింది. సమయం అయిపోయిందని గట్టెక్కిద్దామని నా చెయ్యి గంట మీదకి వెళ్లింది కూడా. చాలా చక్కటి ప్రశ్న అను తల్లీ, పరిధిలోకి రాదను, ఏదో ఒకటి అను అని లోపల మొక్కుకుంటున్నాను.

"నాకు తెలీదు సర్. ఇప్పటిదాకా నేను వెళ్లినవాళ్ల గురించే చదివాను. ఉండిపోయినవాళ్ల కోసం వెతకలేదు. వెతుకుతాను" అంది.

గదిలో అందరూ కొంచెం కదిలారు. పెద్దాయన తల పంకించి కూర్చున్నారు. అంతే, సెషన్ అయిపోయింది. అయిపోయింది సెషనొక్కటే కాదనిపించింది నాకు. తండ్రి ఇంత దూరం వచ్చి విన్నది ఒకే ఒక్క మాట, కూతురికి తెలీదని. నిజం చెబుతున్నాను, నాకు ఏడుపొచ్చినంత పనైంది.

టీ పచ్చిక మీద పెట్టారు. ఆ పిల్ల టీ తేవడానికి లైనులో నిలబడింది. సుబేదారు గారు నా దగ్గరికి వచ్చి నమస్కారం పెట్టారు. ప్రోగ్రాం మారినందుకు నేను క్షమాపణ చెప్పబోయాను. మీ అమ్మాయి పేపరు మీరు వినలేదు, చాలా బాగా చదివింది, కావాలంటే మళ్లీ చదివిస్తాను అని గబగబా ఏదేదో అంటున్నాను. ఆయన నన్ను పూర్తి చెయ్యనిచ్చి, అప్పుడు నోరు విప్పారు.

"కింద మాటాడిన నలుగురినీ ప్రశ్నలడిగినారు మేడమ్. ఒక్కడూ తెలీదనలేదు. ఆల్లేటి సెప్పినారో నాకు అర్థం కాలేదు. ఆల్లకీ అయినట్టు లేదు."

నేను నవ్వాపుకున్నాను. ఆయన నవ్వలేదు.

"మా మిలట్రీ కాడ దారి తెలీకపోతే తెలీదనాల. తెలుసనీసి ముందుకెల్తే ఎనకున్నోళ్లు పోతారు. పెద్దోళ్ల ముందర ఆ ముక్క నోటంట రావడానికి మాకు సగం సర్వీసు అయిపోతాది. దీనికి ఇప్పుడే వచ్చీసింది. ఇంక ఎక్కడ ఒగ్గీసినా బతుకుతాది."

ఆయన పచ్చిక మీద అటూ ఇటూ చూసి, గొంతు సవరించుకుని, "రూము లక్ష్మీ నగర్‌లో సూడమంటారా, కరోల్ బాగ్‌లోనా?" అని అడిగారు.

ఆ పిల్ల రెండు చేతుల్లో రెండు కప్పులతో మా వెనకే ఉంది. ఎంత విందో తెలియదు, అంతా విన్నట్టే ఉంది ముఖం. "పాపా, చాయ్ ఠండీ హో జాయేగీ" అని, చల్లారకముందే తాగమని కప్పు ఆయన చేతికిచ్చి, తన ముఖం అటు తిప్పుకుంది. ఆయన అది చూడనట్టు టీ ఊదుకుంటూ తాగారు. కాలేజీకి దగ్గరగా వేరే చోటు నాకు తెలుసని, ఆడపిల్లలు మాత్రమే ఉండే ఇల్లని చెప్పాను. రేపు పొద్దున్నే వెళ్లి చూస్తామన్నారు. ఒక నల్ల పెట్టె ఇక్కడే ఉంచేస్తామని కూడా అన్నారు. దాని మీద తన పేరు చెరిపేసి కూతురి పేరు రాయించాలట, రంగు డబ్బా ఇంట్లోనే ఉందట.

వాళ్లు వెళ్లేటప్పుడు నేను గేటు దాకా వెళ్లాను. ఆయన జేబులోంచి ప్రోగ్రాం షీటు తీసి ఒకసారి చూసుకుని, జాగ్రత్తగా మడిచి మళ్లీ జేబులో పెట్టుకున్నారు.

"వచ్చే ఏడాది సెలవు పెట్టుకుని వస్తాను మేడమ్. అప్పుడైనా రాసిన టైముకి మొదలెడతారా?"

తప్పకుండా అనబోయాను. ఇన్నేళ్ల అలవాటు, మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. పక్కనే నా శిష్యురాలు నన్నే చూస్తోంది.

"తెలీదు సాబ్" అన్నాను.

సుబేదారు గారు ఆ రోజు మొదటిసారి నవ్వారు.